బోరింగు పక్కన పొదుపు పుస్తకం

దుబారా అంటే ఏమిటని నెల్లూరు జిల్లా దుత్తలూరులో ఎవరినడిగినా ఒకటే చెప్తారు. ఉన్నదాన్ని ఊడ్చిపెట్టే ఖర్చు. పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ దేశంలో, మరాడి అనే ఊరి చుట్టుపక్కల ఆ మాటకు అర్థం వేరు. అక్కడి హౌసా భాషలో దుబారా అంటే ఉపాయం, తెలివి. మాతా అంటే ఆడవాళ్లు. 1991లో ఆ పల్లెల్లో మొదలైన పొదుపు సంఘాల పేరు ‘మాతా మాసు దుబారా’. ఉపాయం గల ఆడవాళ్లు అని. మన చెవికి మాత్రం ఆడవాళ్లను దుబారా మనుషులని ఎవరో తిట్టినట్టు వినిపిస్తుంది. ఆ రోజుల్లోనే, దుత్తలూరుకు ఎంతో దూరం లేని కలిగిరి మండలం దూబగుంటలో, మగవాళ్ల అసలైన దుబారా మీద ఆడవాళ్లు తిరగబడ్డారు. ఈ రెండు కథల మధ్య నడిచేదే ఈ ప్రసంగం.

ఇది ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన లెక్కల మాష్టారు. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట బళ్లలో పనిచేసి, అక్షరదీపం అనే సాక్షరతా ఉద్యమం రోజుల్లో పగలు పిల్లలకు, రాత్రి లాంతరు కింద ఆ పిల్లల తల్లులకు చదువు చెప్పిన మనిషి. ఊళ్లోకి ఏ పథకం వచ్చినా, జీపులోంచి ఎవరు దిగినా, డబ్బెంత అని ఆయన అడిగేవారు కాదు. లెక్క ఎవరు రాస్తారు అని అడిగేవారు. వచ్చినవాళ్లు అది అవినీతి గురించిన ప్రశ్న అనుకుని నొచ్చుకునేవారు. ఆయన ఉద్దేశం అది కాదు. దేన్ని లెక్కపెట్టాలో తేల్చేది ఎవరు, అంకె తప్పితే దిద్దేది ఎవరు అని. విదేశీ సాయం సంగతి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి మొదలు దొరకదు.

నైజర్‌కూ ఉదయగిరికీ చుట్టరికం ఏమిటంటే, సజ్జ. నైజర్ జనం ప్రధానంగా తినేది సజ్జలే. మన మెట్టలోనూ బియ్యం పూటపూటా తిండి కాకముందు సంగటి అంటే సజ్జదో, రాగిదో, జొన్నదో. అక్కడా ఇక్కడా వాన మాట మీద నిలబడదు. వెలిగొండల నీడలో ఉన్న ఈ నేలకు నైరుతి తడి అంతంతమాత్రం, ఈశాన్యం వస్తే వచ్చినట్టు, లేకుంటే లేనట్టు. నైజర్‌కు వానలు జూన్ నుంచి సెప్టెంబరు వరకే. పైన సహారా ఎడారి, ఏ దిక్కునా సముద్రం తగలని దేశం. పంట పోయిన ఏడు అక్కడి మగవాళ్లు నైజీరియాకో లిబియాకో పోతారు. ఇక్కడివాళ్లు హైదరాబాదుకో, బెంగళూరుకో, కువైటుకో పోతారు.

పోలిక అంతవరకే లాగాలి. నైజర్‌కు 1960 ఆగస్టు 3న ఫ్రాన్సు నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. ఉత్తరాన అర్లిత్ దగ్గర 1970ల నుంచి యురేనియం తవ్వి ఫ్రాన్సు అణు విద్యుత్ కేంద్రాలకు పంపారు. అయినా మానవాభివృద్ధి పట్టికలో ఆ దేశం అట్టడుగు వరసల్లోనే ఉంటూ వచ్చింది. 2023 జులై 26న సైన్యం అధికారం పట్టేనాటికి ప్రభుత్వ బడ్జెట్‌లో దాదాపు 40 శాతం బయటి సాయమే. కొద్ది రోజులు తిరక్కుండానే ఫ్రాన్సు, ఐరోపా సమాఖ్య తమ వంతు ఆపేశాయి. నెల జీతంలో ఐదింట రెండు వంతులు ఎవరో దూరదేశంలో కూర్చుని నిలిపేయగలిగే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. నెల్లూరు జిల్లాలో మెట్ట ఎండితే కింద పెన్నా డెల్టా ఉంది. సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం ఉంది. ఒక జిల్లా పంట పోతే ఇంకో జిల్లా ధాన్యం లారీ ఎక్కి వస్తుంది. ఉదయగిరి పేదదే కావచ్చు, పెద్ద దేశంలో ఉన్న పేద ఊరు. ఆ తేడా మరిచి రెంటినీ ఒకే గాటన కడితే మాష్టారు ఎర్ర సిరాతో కొట్టేసేవారు.

బయటి సాయం ఈ నేలకు కొత్త కాదు. 1876–78 కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి. అప్పుడు కరువు పనుల్లో కూలీకి ఎంత గింజ ఇవ్వాలన్న లెక్క కలకత్తా నుంచి వచ్చింది. సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొంత చిల్లర చాలన్నాడు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ చాలదని ఎదిరించాడు. మట్టి మోసే ఒంటికి ఆ తిండి సరిపోదని కాగితాల మీద వాదించాడు. ఆ వాదన సాగుతుండగానే శిబిరాల్లో మనుషులు రాలిపోయారు. తినేవాడు మాత్రం ఆ వాదనలో ఎక్కడా లేడు.

అదే కరువులో, అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి పని చూపించాడు. ఊరికే పెట్టకుండా కూలి ఇచ్చాడు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి. సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చినవాడిని మతంలో కలపకూడదని. కరువు తెరిపిన పడ్డాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మధ్యలో విరామం ఇస్తే షరతు పోయినట్టేనా అన్నది నేటికీ తెగని వాదం. తర్వాతి కాలంలో సాయం ఇచ్చిన దేశాల్లో ఎన్ని ఆ మాత్రం విరామమైనా పాటించాయో చెప్పడం కష్టం.

ఇక బోరింగు సంగతి. పల్లెలో దాన్ని చేతిపంపు అనేవాళ్లు తక్కువ. నేలను తొలిచే పని పేరు వెళ్లి పంపుకు అంటుకుంది. ‘బోరింగు కాడికి పొయ్యొస్తా’ అంటే అర్థం కానివాళ్లు లేరు. ఆ పంపు పుట్టుకలో విదేశీ సాయం ఉంది, విదేశీ సాయం ఓడిపోయిన కథా ఉంది. 1966–67 కరువు తర్వాత యూనిసెఫ్ గట్టి రాతి నేలల్లో బోర్లు వేసే యంత్రాలను మన దేశానికి పంపించింది. అంతకుముందు బావి తవ్వాలంటే నెలలు పట్టేది, రాయి తగిలితే అక్కడితో ఆగేది. రిగ్గు వచ్చాక ఒకటి రెండు రోజుల్లో నీళ్లు పడ్డాయి. బోర్ల మీద బిగించిన పోత ఇనుప పంపులు మాత్రం ఇంట్లో ఒక కుటుంబం వాడుకునే రకం. ఊరంతా పొద్దస్తమానం కొడితే అవి తట్టుకోలేదు. 1970ల నడుమ చూస్తే, బిగించినవాటిలో నాలుగింట మూడు వంతులు మూలపడి ఉన్నాయి. కాగితం మీద మాత్రం అవి పంపులే. లెక్కలో ఉన్నాయి, నీళ్లలో లేవు.

దానికి విరుగుడు దూరం నుంచి రాలేదు. మహారాష్ట్రలో క్రైస్తవ మిషన్ల వర్క్‌షాపుల్లో, షోలాపూర్ వైపు, విసిగిపోయిన మెకానిక్కులు ఉక్కుతో ఒక పంపు తల చేసుకున్నారు. దాన్ని పట్టుకుని యూనిసెఫ్, మద్రాసులోని కేంద్ర పరిశోధన సంస్థ, రిచర్డ్‌సన్ అండ్ క్రుడాస్ అనే ప్రభుత్వరంగ కర్మాగారం కలిసి, కోయంబత్తూరు వైపు పల్లెల్లో బిగించి పరీక్షించి, 1970ల చివరికి ఒక నమూనా తేల్చాయి. పేరు ఇండియా మార్క్ 2. పిడికి గొలుసు, గొలుసుకు కడ్డీలు, లోపల వాచర్లు. పిల్లలు వేలాడి కొట్టినా విరగని పిడి. మన పల్లెల్లో బోరింగు అంటే చాలావరకు ఇదే. ఆ తర్వాత అది ఓడలెక్కి ఆఫ్రికా వెళ్లింది. మాలి దేశంలో దాని రూపానికి ‘ఇండియా–మాలి’ పంపు అనే పేరే స్థిరపడింది. సాయం పుచ్చుకున్న దేశం తయారు చేసుకున్న వస్తువు, ఇంకో పేదదేశానికి సాయంగా వెళ్లింది. పశ్చిమ ఆఫ్రికా పల్లెలో పిడి కొట్టే పిల్లకూ దుత్తలూరు మండలంలో పిడి కొట్టిన పిల్లకూ చేతి కాయలు ఒకే పంపు వల్ల వచ్చినవి.

అయితే 2009లో గ్రామీణ నీటి సరఫరా నిపుణులు కలిపిన లెక్క ప్రకారం సహారాకు దిగువన ఉన్న ఇరవై దేశాల్లో చేతిపంపుల్లో సగటున 36 శాతం పనిచేయడం లేదు. పంపు అదే. ఇక్కడ నడిచింది, అక్కడ మూడింట ఒకటి ఎందుకు ఆగింది? ఇక్కడ వాచరు అరిగితే మండల కేంద్రం నుంచి మెకానిక్ వస్తాడు. సామాను జిల్లాలో దొరుకుతుంది. ఆలస్యమైతే సర్పంచి ఇంటి ముందు ఖాళీ బిందెలు వరసగా పెడతారు. నైజర్‌లోనో మాలిలోనో ఒక దాత ఒక రకం పంపు ఇస్తాడు, ఇంకో దాత ఇంకో రకం. సామాను ఓడరేవు లేని దేశానికి పొరుగుదేశం మీదుగా రావాలి. పథకం గడువు ముగిస్తే జీపు వెళ్లిపోతుంది. బిగించిన రోజు ఫొటో ఉంటుంది, ఆగిపోయిన రోజు ఫొటో ఎవరూ తీయరు.

ఇంతవరకూ చెప్పింది బోరింగుకు మంచి సాక్ష్యం. చెడు సాక్ష్యం కూడా ఇదే జిల్లా ఇస్తుంది, అదీ చాలా ముందుగా. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ షార్ట్, ఆయన సహచరులు వైద్య పత్రికల్లో వ్యాసాలు ప్రచురించారు. ఒకదాని పేరులోనే నెల్లూరు జిల్లా ఉంది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ వల్ల పళ్లు గార పట్టడం, వెన్ను బిగిసిపోవడం, కీళ్లు కదలకపోవడం దేశంలో మొట్టమొదట నమోదైంది అప్పటి నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాల్లో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు ఈ జిల్లావే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. మనుషుల కంటే ముందు ఎద్దుల్లో రైతులు దీన్ని గుర్తించారని చెప్తారు. నాగలికి కట్టిన ఎద్దు కీళ్లు బిగిసి అడుగు వేయలేకపోవడం చూశారట. డాక్టరు కంటే ముందు రైతు లెక్క వేసిన సందర్భం అది.

కారణం కాళ్ల కింద ఉంది. ఈ నేల అడుగు రాతిని భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్టు పట్టీ అంటారు. అందులో రెండు పొరల వరసలకు పెట్టిన పేర్లు వింజమూరు, ఉదయగిరి. మన ఊళ్ల పేర్లు పాఠ్యపుస్తకాలకెక్కింది రాళ్ల వల్ల. అభ్రకపు రకం ఖనిజాలున్న రాయి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీటిలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. పైపైన తవ్విన బావి వాన నీటితో పల్చబడుతుంటుంది. లోతుకు పోయిన బోరు ఆ పాత నీటినే పైకి తోడుతుంది. అంటే, కరువు నుంచి కాపాడటానికి వేసిన బోరే కొన్ని ఊళ్లలో నడుం వంచేసింది. 250 మందికి ఒక బోరింగు, మనిషికి రోజుకు 40 లీటర్లు అన్నది అప్పట్లో ప్రభుత్వ ప్రమాణం. ఆ అంకెల్లో నీళ్లెన్ని అని ఉంది గానీ నీళ్లలో ఏముంది అని లేదు. 1937 వ్యాసాలు లైబ్రరీలో ఉన్నాయి, రిగ్గు ఊళ్లో ఉంది. ఒకదాని సంగతి ఒకదానికి తెలియలేదు.

బోరింగును తిట్టిపోయడం న్యాయం కాదు. దిగుడు బావుల నీళ్లు తాగిన రోజుల్లో నారికురుపు మనిషి కాలిలోంచి పురుగై బయటికి వచ్చేది. ఆ జబ్బు మన దేశంలో పూర్తిగా పోయిందని 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించిందంటే, మూసిన బోరింగు నీళ్లకు అందులో పెద్ద వాటా ఉంది. పసిపిల్లల విరేచనాలు తగ్గడంలోనూ ఉంది.

ఇదే కథ మరాడి పక్కన మళ్లీ జరిగింది. మరాడికి కూతవేటు దూరంలో తిబిరి అనే ఊరు ఉంది. 1980లలో అక్కడ బోర్లు వేసి కొళాయి నీళ్లిచ్చారు. ఊరు సంబరపడింది. సుమారు 2000 నాటికి ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల కాళ్లు వంకర్లు పోయి, నడవలేని స్థితి బయటపడింది. నీటిలో ఫ్లోరైడ్ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 1.5 మిల్లీగ్రాముల హద్దుకు కొన్ని రెట్లు ఉంది. నెల్లూరు వ్యాసాలు అచ్చయి అప్పటికి అరవై ఏళ్లు దాటింది. సాయం ఖండాలు దాటి పోతుంది గానీ సాయం నేర్పిన పాఠం పక్క తాలూకాకైనా పోదు. తిబిరి పిల్లల తల్లిదండ్రుల పక్షాన నిలబడి విషయాన్ని కోర్టు దాకా తీసుకెళ్లింది నైజర్ హక్కుల సంఘాలవాళ్లే.

లెక్క తప్పు మనుషుల్ని ఎలా చంపుతుందో నైజర్ ఇంకోసారి 2005లో చూపించింది. 2004లో మిడతల దండు, ముందే ముఖం చాటేసిన వాన. అయినా దేశం మొత్తం మీద పంట తగ్గింది ఇంచుమించు పదోవంతే. అంకె చూసిన అధికారులు ఇది సర్దుకునే లోటే అనుకున్నారు. సజ్జ ధర మాత్రం పశువులు మేపుకునేవాళ్లకూ కూలీలకూ అందకుండా పోయింది. గింజ నైజీరియా వైపు పోయింది. ఉచితంగా పంచితే మార్కెట్టు చెడుతుందని ప్రభుత్వమూ దాతలూ కొన్ని నెలలు వెనకాడారు. పిల్లల ఆకలి అన్నిచోట్ల కంటే ఘోరంగా కనిపించింది మరాడి ప్రాంతంలో, దేశానికి ధాన్యాగారం లాంటి ప్రాంతంలో. గింజ లేక జరిగేది వేరు, గింజ కొనే శక్తి లేక జరిగేది వేరు అని అమర్త్య సేన్ 1981లోనే పుస్తకం రాశాడు. అందులో సహారా దిగువ అంచున ఉన్న సాహెల్ ప్రాంతపు కరువు మీద ఒక అధ్యాయం కూడా ఉంది. చివరికి మరాడిలో పిల్లల్ని నిలబెట్టింది సరిహద్దులు లేని వైద్యుల సంస్థ పంచిన వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు కలిపిన పొట్లం. ఒకప్పుడు వేరుశనగ ఎగుమతుల మీద బతికిన దేశంలో, ఆ ముద్ద మొదట ఫ్రాన్సు నుంచి విమానంలో వచ్చింది. ఆ తర్వాతే రాజధాని నియామేలో తయారీ ఊపందుకుంది.

ఇప్పుడు దూబగుంటకు వద్దాం. మాష్టారి ప్రశ్నకు జవాబు అక్కడుంది.

1990ల మొదట్లో జాతీయ సాక్షరతా ఉద్యమంలో భాగంగా నెల్లూరు జిల్లాలో అక్షరదీపం నడిచింది. జిల్లా యంత్రాంగం, జన విజ్ఞాన వేదిక, వేలాది వలంటీర్లు పనిచేశారు. అంతా స్వదేశీ డబ్బు, అదీ తక్కువ డబ్బు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుబోతు మొగుడి వల్ల చితికిన ఇల్లు ఆ పాఠంలో వస్తువు. పాఠం చదివి, రాత్రిబడిలో ఆడవాళ్లు అక్షరాల సంగతి వదిలేసి ఇంటి సంగతి మాట్లాడుకున్నారు. కూలి ఎంత, సారాకు పోయేదెంత, బియ్యానికి మిగిలేదెంత. కూడికలు, తీసివేతలు. ప్రభుత్వమే 1980లలో వారుణి వాహిని పేరుతో సారాను పాకెట్లలో పెట్టి పల్లెపల్లెకూ పంపింది. రాష్ట్రానికి ఏటా వందల కోట్ల ఆదాయం. ఆ ఆదాయంతోనే పేదలకు చవకగా బియ్యం ఇస్తున్నామని పాలకుల లెక్క. ఒక చేత్తో బియ్యం, ఇంకో చేత్తో పాకెట్టు. ఈ తీసివేత ఆర్థిక శాఖలో ఎవరూ వేయలేదు, దూబగుంట రాత్రిబడిలో వేశారు.

ఊళ్లో తాగినవాళ్లు చెరువులో పడి చనిపోయాక ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ పోరాటంలో ముందున్న దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. ఆ ఊరి కథ తర్వాత ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మళ్లీ వాచకంలోకి ఎక్కింది. పుస్తకం ఉద్యమాన్ని పుట్టిస్తే, ఉద్యమం పుస్తకాన్ని రాసింది. 1992 వచ్చేసరికి జిల్లా అంతటా చీపుర్లూ కారప్పొడీ పట్టుకున్న ఆడవాళ్లు. నెల్లూరులో సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా. 1995 జనవరి 16 నుంచి పూర్తి మద్య నిషేధం వచ్చింది. 1997లో అది సడలిపోయింది. ఖజానా లెక్క మళ్లీ గెలిచింది.

కానీ ఒక లెక్క మిగిలింది. సారాకు పోని డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకోమని పొదుపు లక్ష్మి సంఘాలు పుట్టాయి. నెలకు ముప్పై రూపాయలు. మొదటి లీడరు, రెండో లీడరు, తీర్మానాల పుస్తకం, ఎర్ర అట్ట పాస్‌బుక్కు. సంతకం నేర్చుకుని ఏడాది తిరగని చేతులు ఆ పుస్తకం పట్టాయి. అంకె తప్పితే పక్కింటి ఆమె అక్కడే దిద్దుతుంది. దాత లేడు, కాబట్టి దాతకు చూపించే లెక్కా లేదు. ఉన్నది ఒకే లెక్క.

ఇక్కడ ఒక మాట కలపాలి. ఆంధ్రలో ఆడవాళ్ల సంఘాలకు నేటికీ నిలిచిన పేరు డ్వాక్రా. 1982లో కేంద్రం మొదలుపెట్టిన ఆ పథకానికి యూనిసెఫ్ తోడ్పాటు ఉంది. అంటే ఊళ్లో అవ్వ నోట పలికే ఆ పొడి అక్షరాల మాటలో కొంచెం విదేశీ సాయం ఉంది. ఏళ్ల తరబడి డ్వాక్రా పాకుతూ నడిచింది. నెల్లూరులో అది పరుగెత్తింది సారా పోరాటం తర్వాతే.

అప్పుడు పెద్ద డబ్బు వచ్చింది. 1995 నుంచి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సంఘాలను కలిపి సమాఖ్యలు చేసే పని చేసింది. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు ఆ ఏడాది ఆరు జిల్లాలకు, 2003లో నెల్లూరుతో సహా మిగతా పదహారు జిల్లాలకు అప్పు ఇచ్చింది. రెండో విడత 15 కోట్ల డాలర్లు. ఊళ్లో దాని పేరు వెలుగు, తర్వాత ఇందిరా క్రాంతి పథం. గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, బ్యాంకు లింకేజీ. ఈ డబ్బు ఇక్కడ చాలామటుకు పనికొచ్చిందని ఒప్పుకోవాలి. వాషింగ్టన్ నివేదికలు దాన్ని ఆంధ్ర నమూనాగా చూపి ఆఫ్రికా అధికారుల్ని ఇక్కడికి తీసుకొచ్చాయి. ఆ వచ్చినవాళ్లకు పుస్తకాలు, పెట్టెలు, రిజిస్టర్లు చూపించారు. రాత్రిబడిని ఎవరు చూపించగలరు? దూబగుంట జరిగాక వచ్చిన అప్పు అది. జరగకముందే వచ్చి ఉంటే డ్వాక్రాలాగే పాకేది.

పుస్తకం చేతులు మారినప్పుడు ఏమవుతుందో 2010 చూపించింది. విదేశీ పెట్టుబడులు అందిన ప్రైవేటు సూక్ష్మరుణ సంస్థలు అవే సంఘాల ఆడవాళ్లకు ఇంటికొచ్చి అప్పులిచ్చాయి. ఒకే మనిషికి మూడు నాలుగు అప్పులు, వారం వారం వసూళ్లు. లెక్క లీడరు పుస్తకంలోంచి ఏజెంటు చేతి సంచిలోకి పోయింది. ఆత్మహత్యల వార్తలొచ్చాక ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది.

పొదుపు లక్ష్మి కంటే మరాడి ఆడవాళ్ల పద్ధతి ఇంకా కఠినం. కేర్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్లకు పద్ధతి నేర్పింది గానీ పెట్టెలో పైసా వేయలేదు. చదువు రానివాళ్లు కాబట్టి మొదట్లో పుస్తకమే లేదు. ఎవరెంత వేశారో, ఎవరెంత తీసుకున్నారో అందరి ఎదుటా నోటితో ఒప్పజెప్పాలి. ఏడాది చివర మొత్తం పంచుకుని మళ్లీ మొదటినుంచి మొదలు. అక్కడినుంచి ఆ పద్ధతి ఆఫ్రికా ఖండమంతా పాకింది. చదువొచ్చి పుస్తకం పట్టిన దూబగుంట, చదువు లేక జ్ఞాపకాన్నే పుస్తకం చేసిన మరాడి. దారులు వేరు. రెండు చోట్లా లెక్క బయటివాడి చేతిలో లేదు.

సొంతం అనుకుంటేనే సాయం నిలుస్తుందనడానికి చెట్ల విషయంలోనూ మరాడిదే మంచి ఉదాహరణ. టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా మిషనరీ వ్యవసాయ నిపుణుడు ఏళ్లపాటు మొక్కలు నాటించాడు, చాలామటుకు ఎండిపోయాయి. 1983లో ఒకరోజు పొదలనుకున్నవి నిజానికి నరికిన చెట్ల మోళ్ల నుంచి లేచిన పిలకలని గుర్తించాడు. నాటక్కర్లేదు, ఉన్నవాటిలో మంచి పిలకలు ఉంచి మిగతావి కోస్తే చాలు. మరుసటి ఏడు కరువులో పనికి ఆహారం ఇస్తూ చెట్లు ఉంచాలని షరతు పెట్టారు. ఆహారం ఆగగానే చాలామంది చెట్లు నరికేశారు. నరకనివాళ్ల చేలలో పంట బాగుండటం పక్కవాళ్లు చూశాకే అది అంటుకుంది. చెట్టు సర్కారుది కాదు, చేను గలవాడిది అన్న భావన బలపడ్డాక దాదాపు 50 లక్షల హెక్టార్లలో చెట్లు లేచాయి.

మన దేశం ఇప్పుడు ఇచ్చే వైపుకు జరిగింది. 2003లో చిన్న దాత దేశాల సాయం ఇక వద్దని భారత ప్రభుత్వం చెప్పింది. మరుసటి ఏడు పశ్చిమ ఆఫ్రికా వైపు దేశాలకు 50 కోట్ల డాలర్ల రుణ సదుపాయం ప్రకటించింది. నైజర్‌కు మనం ఇచ్చినవాటిలో కంటికి బాగా ఆనేది నియామేలో మహాత్మాగాంధీ పేరిట కట్టిన అంతర్జాతీయ సమావేశ మందిరం. 2020 జనవరిలో విదేశాంగ మంత్రి జైశంకర్ వెళ్లి ప్రారంభించారు. చూడచక్కని మందిరం. గాంధీ పేరు పెట్టి ఒక బోరింగు మెకానిక్కుల బడి కట్టి ఉంటే ఇంకా చక్కగా ఉండేది. దాన్ని నడపడానికి కోయంబత్తూరు నుంచో నెల్లూరు నుంచో పంపగల మనుషులు మనకున్నారు. ఇచ్చేవాడి వరసలో కూర్చోగానే మనమూ ఫొటోలో పడే వస్తువునే ఎంచుకున్నాం. 2025 జులై 1న అమెరికా తన సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్‌ను మూసి విదేశాంగ శాఖలో కలిపేసింది. ఆఫ్రికాలో ఆ ఖాళీ మనల్నీ పిలుస్తుంది. మందిరాలు కట్టాలా, మెకానిక్కుల్ని తయారు చేయాలా అన్నది అప్పుడు మళ్లీ ఎదురయ్యే ప్రశ్న.

అంత దూరం ఎందుకు? సోమశిల ఎగువ కాలువ నీళ్లు ఈ మెట్టకు చేరేదాకా బోరు నీళ్లే గతి. ఇంట్లో తాగడానికి ప్లాంటు నుంచి టిన్ను వస్తున్నా, బడిలో, చేలో, గొడ్ల దొడ్డిలో బోరింగు నీళ్లే. నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకుంటే ఒకటిన్నర వరకు. దీన్ని కొలవడానికి గ్రామీణ నీటి సరఫరా శాఖకు ల్యాబులున్నాయి, పల్లెలో వాడే కిట్లున్నాయి. అంకె కాగితం మీద ఉంటుంది, కాగితం ఆఫీసులో ఉంటుంది. ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల సమాఖ్యల ఆడవాళ్లకు మాష్టారి పేరున ఒకటే మనవి. వచ్చే నెల మీటింగులో తీర్మానాల పుస్తకంలో ఇది రాయించండి: మన ఊళ్లో ప్రతి బోరింగు నీళ్లు పరీక్ష చేయించాలి, వచ్చిన అంకెను, తేదీని ఆ బోరింగు గట్టు మీదే పెద్ద అక్షరాలతో పెయింటు వేయించాలి, ఏడాదికోసారి చెరిపి మళ్లీ రాయాలి. ఖర్చు ఒక డబ్బా పెయింటు.